పాత బండి స్టీరింగ్ విప్పడం, బాగుచేయడం, తిరిగి బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో రెండు బండ్లున్నాయి. ఒకటి మా మేనమామ నడిపిన అంబాసిడర్, రెండోది పాత మహీంద్రా జీపు. రెండింటి స్టీరింగులూ నేనే విప్పి, పగుళ్లు పూడ్చి, రంగు వేసి మళ్లీ ఎక్కించాను. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి వైపు పాత బండ్లున్నవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఫోన్లో ముక్కలుముక్కలుగా చెబితే ఏదో ఒకటి మరిచిపోతాను, అక్కడ పొరపాటు జరుగుతుంది. స్టీరింగ్ విషయంలో పొరపాటు జరగకూడదు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, పాత జీపుల్లాంటి బండ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది.

స్టీరింగ్ ఎందుకు పగులుతుంది? మన ఎండలకేనా?

ఎండదే పెద్ద పాత్ర. పాత స్టీరింగ్ లోపల ఇనుప కడ్డీ గుండ్రంగా తిరిగి ఉంటుంది. దాని మీద గట్టి రబ్బరో, పాతకాలపు ప్లాస్టిక్కో పోత పోసి ఉంటుంది. వేడికి ప్లాస్టిక్ సాగినంతగా ఇనుము సాగదు, తేడా చాలా రెట్లు ఉంటుంది. మే నెలలో మన దగ్గర బయటే 45 డిగ్రీలు దాటుతుంది. అద్దాలెత్తి ఎండలో నిలబెట్టిన కారు లోపల ఇంకెంత ఉంటుందో, స్టీరింగ్ పట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్న ప్రతివాళ్లకూ తెలుసు. పగలు సాగడం, రాత్రి ముడుచుకోవడం, ఇలా ఏళ్లు గడిచేసరికి పైపొరలోని జిగి ఎండిపోయి అది కుంచించుకుపోతుంది. లోపలి కడ్డీ మాత్రం కుంచించుకోదు. ఇక పైపొర చిట్లక తప్పదు.

మొదటి పగులు దాదాపు ఎప్పుడూ స్పోకు (నడుమ నుంచి వచ్చే కమ్మీ) వచ్చి రిమ్ముకు (చేత్తో పట్టుకునే గుండ్రానికి) కలిసే చోటే కనబడుతుంది. గోరు పట్టేంత సన్నగా మొదలవుతుంది. అందులోకి చేతి చెమట, వాన తడి దిగితే లోపల ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి పగులును లోపలి నుంచి ఇంకా తెరుస్తుంది. అందుకే గోరు పట్టేంత ఉన్నప్పుడే చూసుకోండి.

పాతది తీసేసి కొత్తది వేసుకుంటే అయిపోదా?

లోపలి కడ్డీ, స్పోకులు, నడిమి హబ్ బాగుంటే పాతదాన్నే బాగుచేసుకోమంటాను. ఇది కేవలం ముచ్చట కోసం కాదు. ఈ బండ్లకు పవర్ స్టీరింగ్ లేదు. అంత పెద్ద రిమ్ము ఇచ్చిందే తిప్పేటప్పుడు చేతికి బలం అందాలని. ఫ్యాషన్‌గా ఉందని చిన్న స్టీరింగ్ వేసినవాళ్లు సందులో బండి తిప్పడానికి భుజాలు నొప్పెట్టించుకుంటున్నారు. పైగా వేరే స్టీరింగ్ పళ్లు మన షాఫ్టు (స్టీరింగ్ కూర్చునే పొడవాటి ఇరుసు) పళ్లకు సరిగ్గా కుదరకపోతే అది ప్రాణాల మీదికొస్తుంది. నడుమ ఏదో ముక్క పెట్టి కుదిర్చాం అని ఎవరన్నా చెబితే ఒప్పుకోవద్దు.

మూడు సందర్భాల్లో మాత్రం పాతదాన్ని గోడకు తగిలించి, అదే రకం మరొకటి వెతుక్కోవాలి: హబ్ లోపలి పళ్లు అరిగిపోతే, స్పోకు ఇనుమే చిట్లితే, కడ్డీ వంగితే. చిట్లిన స్పోకుకు వెల్డింగ్ పెట్టించి నడపొద్దు.

విప్పే ముందు ఏమేం చేయాలి?

బండిని నేరుగా ఉన్న రోడ్డు మీద పది గజాలు నడిపి, స్టీరింగ్ ముట్టకుండా ఆపండి. చక్రాలు తిన్నగా ఉన్నాయని దిగి కళ్లారా చూడండి. రిమ్ము పైన, సరిగ్గా పన్నెండు గంటల దగ్గర, రంగు టేపు ముక్క అతికించండి. హ్యాండ్ బ్రేకు వేసి చక్రాల కింద రాళ్లు పెట్టండి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. అది తీయకుండా హారన్ బటన్ మీద చెయ్యి వేయొద్దు.

హారన్ బటన్ ఒక్కో బండికి ఒక్కో రకం. కొన్ని నొక్కి తిప్పితే వస్తాయి, కొన్నింటికి స్పోకుల వెనుక చిన్న స్క్రూలుంటాయి, కొన్ని అంచు పట్టి లేపితే వస్తాయి. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా లేపితే అంచు విరుగుతుంది, ఆ బటన్ మళ్లీ దొరకడం కష్టం. మొనకు గుడ్డ చుట్టి నిదానంగా లేపండి. బటన్ కింద స్ప్రింగు, రాగి బిళ్ల, ఒక తీగ ఉంటాయి. ఏది ఏ వైపుకు ఉందో తీసే ప్రతి మెట్టుకూ ఫోన్లో ఫొటో తీసుకోండి. ఒక పళ్లెంలో తీసిన వరసలోనే పేర్చుకోండి.

ఇప్పుడు నట్టు కనబడుతుంది. దాన్ని ముట్టకముందే పంచుతో (ఇనుము మీద చుక్క కొట్టే మొనదేలిన ఉలితో) షాఫ్టు చివర ఒక చుక్క, దానికి ఎదురుగా హబ్ మీద ఒక చుక్క తేలిగ్గా కొట్టండి. ఈ రెండు చుక్కలే రేపు మీకు దారి చూపేవి. మార్కర్‌తో గీసిన గీత నూనె తగిలితే పోతుంది, దాన్ని నమ్ముకోకండి.

నట్టు వదులు చేసేటప్పుడు ఇంకొకరు రిమ్మును రెండు చేతులా గట్టిగా పట్టుకోవాలి. స్టీరింగును ఒక వైపుకు చివరిదాకా తిప్పి, ఆ ఆపు మీద బలం పెట్టి నట్టు విప్పొద్దు. ఆ బలమంతా కింద స్టీరింగ్ బాక్స్ (మనం తిప్పిన తిప్పును చక్రాల వైపు పంపే గేర్ల పెట్టె) మీద పడుతుంది.

నట్టు వచ్చింది కానీ స్టీరింగ్ ఊడి రావట్లేదన్నా. సుత్తెతో షాఫ్టు మీద కొట్టొచ్చా?

వద్దు. ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి.

నా జీపు స్టీరింగ్ మొదటిసారి నేను విప్పలేదు, ఒక షెడ్డులో విప్పించాను. నట్టు పూర్తిగా తీసేసి, ఒకతను రిమ్మును పైకి లాగుతుంటే ఇంకొకతను షాఫ్టు తల మీద సుత్తెతో రెండు దెబ్బలు వేశాడు. స్టీరింగ్ కదల్లేదు. షాఫ్టు చివర మాత్రం పుట్టగొడుగులా విచ్చుకుంది. మరలు అణిగిపోయి నట్టు మళ్లీ ఎక్కలేదు. కాలమ్ (షాఫ్టు, దాని చుట్టూ ఉండే గొట్టం) మొత్తం దింపి లేతు మిషన్ దగ్గరికి తీసుకుపోయి మరలు సరిచేయించేసరికి నెల దాటింది. లోపల బేరింగు గింజలు కూర్చునే గాడిలో నొక్కుళ్లు పడ్డాయని అప్పుడే బయటపడింది. పాత జీపుల్లో స్టీరింగ్ షాఫ్టు కింది కొసనే మెలిక గాడి ఉంటుంది, దానికి అటూ ఇటూ బేరింగులుంటాయి. పైన వేసిన దెబ్బ నేరుగా పోయి తగిలేది వాటికే.

చేయాల్సింది వేరు. నట్టును పూర్తిగా తీయకుండా రెండు మూడు మరల మీద వదిలేయండి. స్టీరింగ్ ఒక్కసారిగా ఊడితే ముఖానికి తగలకుండా ఆ నట్టే ఆపుతుంది. హబ్‌కూ షాఫ్టుకూ నడుమ తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. డబ్ల్యూడీ-40 అయినా సరే, అలాంటిదే ఇంకేదైనా సరే. తెల్లారి మళ్లీ కొట్టండి. తర్వాత పుల్లర్ (కాళ్లతో పట్టి, నడుమ బోల్టు తిప్పి లాగే పనిముట్టు) పెట్టండి. పుల్లర్ కాళ్లు హబ్ వెనుక పట్టాలి, స్పోకులకు కాదు, రిమ్ముకు అసలే కాదు. పుల్లర్ బోల్టు మొన షాఫ్టు మరల మీద దిగకుండా నడుమ ఒక ఇత్తడి బిళ్ల పెట్టండి. బోల్టును పావు చుట్టు తిప్పి ఆగండి. ఇంకో పావు చుట్టు. బిగుతు పట్టాక అలాగే వదిలి చాయ తాగి రండి. చాలాసార్లు ఎవరూ ముట్టకుండానే "టక్" మని శబ్దం వచ్చి వదులవుతుంది. మా మేనమామ అంబాసిడర్‌ది రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున పావు చుట్టు కూడా తిప్పకముందే వచ్చేసింది.

పద్మినికీ, పాత అంబాసిడర్‌కూ గేరు కడ్డీ స్టీరింగ్ కాలమ్ మీదే ఉంటుంది. పుల్లర్ తిప్పేటప్పుడు దాన్ని ఊతంగా పట్టుకోవద్దు.

గ్యాస్ మంటతో హబ్ వేడి చేస్తే తొందరగా వస్తుందంటారు?

వస్తుంది, దాంతో పాటు రిమ్ము కూడా కరిగి వస్తుంది. పాత ప్లాస్టిక్కుల్లో కొన్ని ఇట్టే అంటుకునే రకాలు. పైగా తుప్పు నూనె కొట్టి ఉన్న చోట మంట అసలు పెట్టొద్దు. వేడి కావాలంటే మరిగిన నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, హబ్ చుట్టూ కాసేపు చుట్టండి. అది చాలు.

పగుళ్లు దేంతో పూడ్చాలి? బాడీ పుట్టీ పనికొస్తుందా?

డెంటింగ్ షెడ్లలో వాడే బాడీ పుట్టీ రేకు మీద పలుచగా పూయడానికి చేసింది. చేతిలో నలుగుతూ, వేడికి సాగుతూ ఉండే రిమ్ములో అది నిలవదు. ఒక ఎండాకాలం గడిస్తే అదే చోట మళ్లీ గీత కనబడుతుంది. రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ వాడండి. సన్న పగులుకు అరల్డైట్ రకం, వెడల్పు సందుకూ ఊడిపోయిన ముక్కకూ ఎం-సీల్ లాంటి ముద్ద రకం.

పూడ్చే ముందు పగులును ఇంకా వెడల్పు చేయాలి. చాలామందికి ఇక్కడే మనసొప్పదు. కానీ సన్నటి గీత మీద ఎంత పూసినా పైపైనే ఉంటుంది, లోపలికి దిగదు. విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్కకు ఒక వైపు గుడ్డ చుట్టి పట్టుకుని, పగులు వెంబడే గీకుతూ పోండి. పైన వెడల్పు, లోపలికి సన్నం, నాగలి చాలు ఆకారంలో రావాలి. లోపల ఇనుము కనబడితే భయపడకండి. తుప్పును తీగ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి. దుమ్మంతా ఊదేయండి.

ముందు సబ్బు నీళ్లతో రిమ్ము మొత్తం కడిగి రోజంతా ఆరబెట్టండి. ఏళ్ల తరబడి పట్టిన చేతి జిడ్డు ఉంటే ఏదీ అంటదు. ఆ తర్వాత స్పిరిట్‌తో తుడవండి. థిన్నర్ మాత్రం నేరుగా పూయొద్దు, కొన్ని పాత ప్లాస్టిక్కులు దానికి కరిగి జిగురవుతాయి. ముందుగా హబ్ వెనుక, కనబడని చోట ఒక చుక్క వేసి చూసుకోండి.

ఎపాక్సీ రెండు భాగాలూ సమానంగా తీసి, రంగు ఒకటయ్యేదాకా కలపండి. చారలు కనబడుతుంటే ఇంకా కలవలేదన్నట్టే. ఎండాకాలం మన దగ్గర అది చాలా తొందరగా గట్టిపడుతుంది కాబట్టి చింతగింజంత కలుపుకోండి, అది అయ్యాక మళ్లీ కలుపుకోండి. పొద్దున్నే చల్లని పూట ఈ పని పెట్టుకుంటే సుఖం. పగులులోకి సన్నటి పుల్లతో కుక్కుతూ, లోపల గాలి బుడగ మిగలకుండా, రిమ్ము మట్టం కంటే కాస్త ఉబ్బుగా ఉండేలా పెట్టండి. 24 గంటలు ముట్టొద్దు. గోరు దిగుతోందంటే ఇంకా ఆరలేదు.

రుద్దడం ఎలా? వెనుక వేళ్లకుండే గాళ్లు చెడిపోతున్నాయి.

ముందు 80 నంబరు కాగితంతో ఉబ్బు తీయండి, తర్వాత 120, 240, చివరికి 400 నంబరు వాటర్ పేపర్‌ను నీళ్లలో ముంచి రుద్దండి. తడిగా రుద్దితే దుమ్ము లేవదు. పొడిగా రుద్దినంతసేపూ మాస్కు పెట్టుకోండి, పాత రబ్బరు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు.

గాళ్ల దగ్గర చేత్తో రుద్దితే అవి చదునైపోతాయి. పెన్సిలుకు కాగితం చుట్టి, ఆ గాడిలోనే ముందుకూ వెనక్కూ జరపండి. పెన్సిలు మరీ సన్నమైతే దానికి సైకిలు ట్యూబు ముక్క ఒక చుట్టు చుట్టి, పైన కాగితం చుట్టండి. నా జీపు స్టీరింగ్‌లో ఒక్కో గాడికీ అరగంట దాకా పట్టింది. కళ్లు మూసుకుని రిమ్ము మీద బొటనవేలు జరపండి. కంటికి కనబడని ఎత్తుపల్లం వేలికి తెలుస్తుంది. పూడ్చిన చోటు ఎక్కడుందో వేలికి దొరకడం మానేసినప్పుడే రంగు గురించి ఆలోచించాలి.

రంగు ఏది వేయించాలి? మన పెయింటర్లు వేస్తారా?

వేస్తారు, చక్కగా వేస్తారు. కాకపోతే ఏది కావాలో మీరే చెప్పాలి. ముందు ఎపాక్సీ ప్రైమర్. బూడిద రంగు ప్రైమర్ పడగానే ఇంతసేపూ కనబడని సూదిమొన చిల్లులన్నీ బయటపడతాయి. వాటిని పూడ్చి, రుద్ది, మళ్లీ ప్రైమర్ కొట్టించండి. ఆ పైన రెండు డబ్బాలు కలిపే పీయూ (పాలీయురేథేన్) రంగు రెండు మూడు పలుచని పూతలు. ఒకే మందపాటి పూత వేస్తే స్పోకు మూలల్లో కారుతుంది. మామూలు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు చెమటకు ఏడాదిలోపే జిడ్డు పడుతుంది.

అసలు రంగు ఏమిటో తెలియకపోతే హబ్ వెనుక భాగం చూడండి. ఎండ తగలదు కాబట్టి అక్కడ అసలు రంగు మిగిలి ఉంటుంది.

పీయూ గట్టిపరిచే ద్రావకం ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ముక్కుకు రుమాలు కట్టుకుంటే చాలదు. పెయింటర్ దగ్గర సరైన మాస్కు లేకపోతే మీరే కొని ఇవ్వండి. ఆరిపోయినట్టు కనబడినా వారం దాకా గట్టిగా పట్టుకోవద్దు, వేలిముద్రలు పడతాయి.

పగుళ్ల మీద కవరు తొడిగేస్తే?

జారే కవరు అస్సలు వద్దు. మలుపులో చేతిలో కవరు తిరిగి రిమ్ము తిరగకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కుట్టి బిగించిన తోలు కవరైతే ఫర్వాలేదు. కానీ కింద పగుళ్లు పూడ్చాకే వేయించండి.

తిరిగి బిగించేటప్పుడు జాగ్రత్తలేంటి?

షాఫ్టు పళ్లనూ, హబ్ లోపలి పళ్లనూ పళ్లు తోముకునే పాత బ్రష్‌తో, కాస్త కిరోసిన్‌తో శుభ్రం చేయండి. పళ్ల మీద పలుచగా గ్రీజు రాయండి. ఇంకో ఇరవై ఏళ్లకు ఎవరైనా విప్పాల్సొస్తే వాళ్లు మిమ్మల్ని తలుచుకుంటారు. హారన్ రాగి బిళ్లకు గ్రీజు అంటనీయొద్దు.

చక్రాలు ఇంకా తిన్నగానే ఉన్నాయా అని మళ్లీ చూడండి. పంచు చుక్కలు రెండూ ఎదురెదురుగా పెట్టి స్టీరింగ్ చేత్తోనే కూర్చోబెట్టండి. చేత్తో సగం దిగాలి. దిగకపోతే పన్ను తప్పిందన్నట్టే, తీసి మళ్లీ చూడండి, కొట్టి దించొద్దు. పాత స్ప్రింగు వాషర్ పారేసి కొత్తది వేయండి. నట్టు మరలు అరిగి ఉంటే నట్టు కూడా మార్చండి. మీ బండి మాన్యువల్‌లో ఇచ్చిన బిగుతుకు టార్క్ పానాతో (ఎంత బిగుతు పడిందో కొలిచి చూపే పానాతో) బిగించండి. అప్పుడు కూడా రిమ్మును మనిషే పట్టుకోవాలి.

బిగించాక రిమ్మును పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ లాగి చూడండి. ముందు చక్రాలు జాకీ మీద లేపి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిప్పండి, ఎక్కడా పట్టకూడదు. మొదటి నడక ఖాళీ మైదానంలో. 50 కిలోమీటర్లు తిరిగాక హారన్ బటన్ తీసి నట్టును ఇంకోసారి పానాతో చూడండి. ఇది వదలొద్దు.

బిగించాక హారన్ ఆగకుండా మోగుతోంది.

హారన్ బటన్ చేసే పని తీగను ఇనుముకు తాకించడం, అంటే ఎర్త్ చేయడం. ఆగకుండా మోగుతోందంటే బటన్ నొక్కకుండానే తీగ ఎక్కడో ఇనుముకు తగులుతోంది. బటన్ బిగించేటప్పుడు తీగ నలిగి పైతొడుగు చిరిగి ఉంటుంది, లేదా స్ప్రింగు కింద ఉండే ఫైబర్ వాషర్ మరిచిపోయి ఉంటారు. తీసిన వరస ఫొటోలు ఇప్పుడు అక్కరకొస్తాయి. అసలు మోగకపోతే రాగి బిళ్ల మీద రంగో గ్రీజో ఉంటుంది, సన్న కాగితంతో గీకండి. స్టీరింగ్ ఒక వైపు తిప్పినప్పుడే మోగితే కాలమ్ లోపల తీగ మెలిపడింది.

స్టీరింగ్ కాస్త వంకరగా ఉంది. ఒక పన్ను జరిపి పెట్టనా?

చుక్కలు కలిసి ఉంటే జరపొద్దు. జీపు, పద్మిని లాంటి వాటి స్టీరింగ్ బాక్స్‌లో నడిమి చోటు కొంచెం బిగుతుగా ఉండేలా చేస్తారు. బండి తిన్నగా పోయేటప్పుడు బాక్స్ ఆ నడిమి చోటులో ఉండాలి. పన్ను జరిపితే కంటికి తిన్నగా కనబడుతుంది, బాక్స్ మాత్రం పక్కకు ఉంటుంది. ఇండికేటర్ దానంతటదే ఆరే బండ్లలో అదీ తప్పుతుంది. వంకర తీయాల్సింది కింద టై రాడ్ల (ముందు చక్రాలను తిప్పే కడ్డీల) దగ్గర, అలైన్‌మెంట్ చేసే చోట.

స్టీరింగ్‌లో ప్లే (చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరిగే వదులు) ఎంతవరకు ఉండొచ్చు?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ నిబంధన ప్రకారం రిమ్ము దగ్గర 30 డిగ్రీలకు మించకూడదు. అది చట్టం చెప్పే చివరి హద్దు. నా మటుకు అందులో సగం కనబడినా కింది జాయింట్లు చూపించుకోమంటాను. రిమ్ముకు ఎంత మెరుపు తెచ్చినా కింద బాల్ జాయింట్ వదులుగా ఉంటే ఆ మెరుపుకు విలువ లేదు.

స్టీరింగ్ బాగుచేస్తే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు అడ్డమా?

కాదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండి వింటేజ్ కిందికి వస్తుంది. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు. ఫీజు ₹20,000, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగింపుకు ₹5,000. నంబరులో వీఏ అనే అక్షరాలొస్తాయి. కానీ ఆ రిజిస్ట్రేషన్ తీసుకున్న బండిని రోజూ తిప్పడానికి గానీ కిరాయికి గానీ వాడకూడదు. పొలానికీ బజారుకూ అదే బండి మీద పోయేవాళ్లు మామూలు రిజిస్ట్రేషన్‌నే అయిదేళ్లకోసారి పొడిగించుకోవడం నయం. అసలు స్టీరింగును అలాగే ఉంచి బాగుచేసుకుంటే ఏ దారిలోనైనా మీకు మేలే.

ఇదే పద్ధతిలో కొత్త కార్ల స్టీరింగ్ విప్పొచ్చా?

వద్దు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ జోలికి పోవద్దు, అది పేలే సరంజామా.

సామాను ఎక్కడ దొరుకుతుంది?

ఎపాక్సీ, వాటర్ పేపరు, ప్రైమరు ఊళ్లోనే దొరుకుతాయి. పుల్లర్, టార్క్ పానా లాంటివి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో చూడండి. పాత హారన్ బటన్లు, స్టీరింగులు కావాలంటే హైదరాబాద్ ఆటోనగర్, విజయవాడ ఆటోనగర్ రెండూ తిరగాల్సిందే. మనకు విజయవాడ హైవే ఉంది కాబట్టి నార్కట్‌పల్లి దగ్గర ఎక్కితే రెండు వైపులా దారే. వెళ్లేటప్పుడు మీ షాఫ్టు పళ్లు లెక్కబెట్టి, దాని మందం కొలిచి, ఫొటో తీసుకుని వెళ్లండి. "అంబాసిడర్‌దే" అన్న మాట నమ్మి తెచ్చుకుంటే కుదరకపోవచ్చు. ఏళ్లు మారినకొద్దీ స్టీరింగులూ మారాయి.

మొత్తం ఎన్ని రోజులు పడుతుంది?

విప్పడానికి ఒకటి నుంచి మూడు రోజులు, పూడ్చి రుద్దడానికి వారం, రంగు వేసి ఆరడానికి పది రోజులు. వానాకాలంలో ఇంకా ఎక్కువే పడుతుంది, ముసురు పట్టిన రోజుల్లో రంగు పని పెట్టుకోవద్దు. ఈ రోజులన్నీ స్టీరింగ్ లేని బండి షెడ్డులో ఉంటుంది. తాళం చెవి మీ దగ్గరే పెట్టుకోండి, పిల్లలు ఎక్కి కూర్చోకుండా తలుపు వేసి ఉంచండి. షాఫ్టు చివరకు, మరలు పాడవకుండా, ఒక పాత టెన్నిస్ బంతికి చిల్లు పెట్టి తొడగండి.